భద్రతా దీపిక – కాలిన గాయం : ప్రాణం నిలిపే లెక్క



గత సంచికలో ఎత్తైన ప్రదేశాలలో పనిచేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గురించి ముచ్చటించుకున్నాము. ఈ పర్యాయం అంతకంటె సన్నిహితమైన ప్రమాదాన్ని గురించి వ్రాయదలచాను. ఎత్తుపై పని కొందరికే ఉంటుంది. నిప్పుతో పని మాత్రం కర్మాగారంలో మనకూ, వంటింట్లో మన ఇల్లాండ్రకూ నిత్యమూ ఉండేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కాలిన గాయాల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 1,80,000 మంది మరణిస్తున్నారు. మన దేశంలో ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలయ్యేవారు ఏటా పది లక్షలకు పైమాటే.

వీరిలో కొందరు బ్రతికి బయటపడతారు, కొందరు పడరు. ఈ తేడాకు కారణమేమిటి? విధి అని కొందరూ, డాక్టరుగారి హస్తవాసి అని కొందరూ అంటారు. వైద్యశాస్త్రం మాత్రం దీనికి ఒక లెక్క కట్టింది. ఆ లెక్కను ఇంజనీరు కళ్ళతో పరిశీలించినప్పుడు నాకు తోచిన ఒక విషయాన్ని మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

అంతకుముందు ఒక అనుభవం చెప్పాలి. అది 1994వ సంవత్సరం. నేను శిక్షణలో ఉన్న ఇంజనీరును. ఒకనాటి మధ్యాహ్నం షిఫ్టులో ఆవిరి గొట్టం ఫ్లాంజి దగ్గర గ్యాస్కెట్ చెదిరి, మా సెక్షన్‌లోని ఒక సీనియర్ టెక్నీషియన్ కుడి చేతినీ రొమ్మునూ ఆవిరి కాల్చివేసింది. మేమందరమూ పరుగులు తీశాము. ఒకరు ఫోను దగ్గరకు, ఒకరు స్ట్రెచర్ కోసం, నేను ప్రథమ చికిత్స పెట్టెలోని పచ్చని ఆయింట్‌మెంట్ గొట్టం కోసం. నేల కడిగే కుళాయి ఆయనకు పది అడుగుల దూరంలో ఉంది. దాన్ని ఎవరూ తిప్పలేదు. "నీళ్ళు పోస్తే బొబ్బలెక్కుతాయి" అని ఎవరో అన్నారు. ఉష్ణప్రసరణం అన్న పాఠంలో మంచి మార్కులు తెచ్చుకున్న నేను కూడా ఆ మాటకు తల ఊపాను. అంబులెన్సు రావడానికి అరగంట పట్టింది. ఆసుపత్రిలో సర్జన్‌గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతసేపు నీళ్ళు పోశారు?" అని. మా వద్ద జవాబు లేదు.

ఆయన బ్రతికారు. కాని తొడ నుండి చర్మం తీసి చేతికి అతికించవలసి వచ్చింది. మోచేయి మళ్ళీ పూర్తిగా చాచుకోలేదు. పదవీ విరమణ చేసేవరకు లాగ్‌బుక్‌లో ఎడమ చేత్తోనే సంతకం చేశారు. ఆ సంతకం చూసినప్పుడల్లా నాకు ఆ కుళాయి గుర్తుకు వచ్చేది.

మూడు అంకెలు

1961లో సెర్జ్ బో అనే ఫ్రెంచి వైద్యుడు పారిస్‌లో సమర్పించిన తన సిద్ధాంత వ్యాసంలో ఒక సులభమైన సూత్రాన్ని ప్రతిపాదించాడు. రోగి వయస్సుకు, అతని శరీరంలో కాలిన భాగపు శాతాన్ని కలపాలి. మొత్తం ఎంత ఎక్కువైతే ప్రాణాపాయం అంత ఎక్కువ. ఆ రోజుల్లో ఆ మొత్తం ఇంచుమించు మరణావకాశపు శాతంగానే ఉండేది. 2010లో అమెరికా పరిశోధకులు ఈ సూత్రాన్ని సవరించి, పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటే మరొక 17 కలపాలని తేల్చారు.

ఈ మూడు అంశాల బలమెంతో బోస్టన్ నగర వైద్యులు 1998లో ప్రచురించిన అధ్యయనం స్పష్టం చేసింది. వారు 1,665 మంది రోగుల వివరాలను పరిశీలించారు. వయస్సు 60 దాటడం, కాలిన భాగం 40 శాతం దాటడం, పొగ గాయం ఉండడం అనేవి మూడు ముప్పులు. ఈ మూడింటిలో ఏదీ లేనివారిలో మరణాలు 0.3 శాతం. ఒకటి ఉంటే 3 శాతం. రెండు ఉంటే 33 శాతం. మూడూ కలిస్తే సుమారు 90 శాతం. ఒక్కొక్క మెట్టుకూ ముప్పు ఎన్ని రెట్లు పెరిగిందో గమనించండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 30 ఏళ్ళ యువకునికి 40 శాతం కాలితే మొత్తం 70. అదే గాయం 60 ఏళ్ళ వ్యక్తికైతే 100. ఆయన పొగ కూడా పీల్చి ఉంటే 117. నేడు చికిత్స ఎంతో ముందుకు సాగినందున, అత్యాధునిక కేంద్రాలలో మొత్తం 110 సమీపంలో ఉన్నవారిలో కూడా దాదాపు సగం మంది బ్రతుకుతున్నారు. మన దేశంలో మాత్రం అటువంటి సదుపాయాలు అన్నిచోట్లా లేవు. 50 శాతం దాటి కాలినవారిని నిలబెట్టడం చాలా ఆసుపత్రులలో ఇప్పటికీ అతి కష్టమే.

ఇప్పుడు నాకు తోచిన విషయం చెబుతాను. ఈ సూత్రంలో ఒక శాతం చర్మానికీ ఒక ఏడాది వయస్సుకూ ఒకే విలువ ఉంది. రోగి వ్రేళ్ళతో సహా అతని అరచేయి ఇంచుమించు ఒక శాతం. అంటే మనం ఒక అరచేయంత చర్మాన్ని కాలకుండా కాపాడితే, అతనికి ఒక సంవత్సరం వయస్సు తగ్గించినంత మేలు చేసినట్లే. 40 శాతం కాలవలసిన మనిషిని 25 శాతంతో బయటికి లాగితే 15 ఏళ్ళు తగ్గించినట్లు. పొగ నుండి తప్పిస్తే మరి 17 ఏళ్ళు. వయస్సును తగ్గించే మందు ఏ వైద్యుని వద్దా లేదు. ప్రమాదస్థలంలో దగ్గరున్న మనిషి చేతిలో మాత్రం అటువంటిదే ఒకటి ఉంది.

శాతం ఎలా లెక్కిస్తారు?

దీనికి వైద్యులు తొమ్మిదుల సూత్రాన్ని వాడతారు. పెద్దవారిలో తల, మెడ కలిపి 9 శాతం. ఒక్కొక్క చేయి 9. ఛాతీ, పొట్ట కలిపి ముందుభాగం 18. వీపువైపు 18. ఒక్కొక్క కాలు 18. మర్మస్థానం 1. మొత్తం నూరు. పసిపిల్లలకు ఈ లెక్క మారుతుంది. వారికి తల ఒక్కటే 18 శాతం వరకు ఉంటుంది. అందువల్ల మరిగే పాలగిన్నె మీద పడితే పెద్దవారికి చిన్నగాయమైనది పసివానికి ప్రాణాంతకం కావచ్చు. కేవలం ఎర్రబడి మండే చర్మాన్ని ఈ లెక్కలోకి తీసుకోరాదు. బొబ్బలు వచ్చినది, తెల్లగానో నల్లగానో మారి స్పర్శ కోల్పోయినది మాత్రమే లెక్కకు వస్తుంది. నొప్పి లేదు కదా అని ఊరట చెందడం పొరపాటు. లోతుగా కాలినచోట నొప్పిని తెలిపే నాడులే నశిస్తాయి.

మంటలు అంటుకున్న మనిషి పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. నిలబడి ఉంటే అది ముఖానికి ఎగబ్రాకుతుంది. కనుక ఆగాలి, నేల మీద పడుకోవాలి, దొర్లాలి. పక్కనున్నవారు మందమైన నూలు దుప్పటి కప్పి మంట ఆర్పి, ఆరిన వెంటనే దుప్పటి తీసివేయాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి. పొయ్యి ముందు నూలుచీర కట్టుకోవడం, కొంగు దోపుకోవడం మన నాయనమ్మల కాలం నుండి వస్తున్న భద్రతా నియమాలే.

పొగ – కంటికి కనిపించని గాయం

పొగ సంగతి తెలుసుకోవాలంటే 1942 నవంబరు 28వ తేదీన బోస్టన్ నగరంలోని కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బులో జరిగిన అగ్నిప్రమాదాన్ని గుర్తుచేసుకోవాలి. సుమారు 460 మందికి సరిపడే ఆ భవనంలో ఆ రాత్రి వేయిమంది దాకా ఉన్నారు. గుడ్డతో, కాగితంతో చేసిన అలంకరణలు నిమిషాలలో అంటుకున్నాయి. ప్రధాన ద్వారం గుండ్రంగా తిరిగే తలుపు. జనం తోసుకురావడంతో అది బిగిసిపోయింది. పక్క తలుపులు కొన్నింటికి తాళాలు. కొన్ని లోపలికి తెరుచుకునేవి కావడంతో జనం ఒత్తిడికి తెరుచుకోలేదు. 492 మంది మరణించారు. వారిలో అనేకుల చర్మంపై చెప్పుకోదగ్గ గాయమే లేదు. వేడిపొగ, విషవాయువులు వారిని బలిగొన్నాయి. పొగ గాయం వేరే జబ్బు అని వైద్యలోకం స్పష్టంగా గ్రహించడానికి ఈ విషాదం తోడ్పడింది. తిరిగే తలుపు పక్కన బయటికి తెరుచుకునే తలుపులు ఉండాలన్న నియమం కూడా ఆ తర్వాత వచ్చినదే.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తుంటే అందులో సగం వదలడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు ఒకటి, ఒకటిన్నర గంటలలో వదులుతుంది. మూసిన గదిలో మంటల మధ్య చిక్కుకున్నవారికి ముక్కులోని వెంట్రుకలు కాలినా, ఉమ్మిలో మసి కనిపించినా, గొంతు బొంగురుపోయినా, అప్పటికి చక్కగా మాట్లాడుతున్నప్పటికీ, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి. కొన్ని గంటలలో గొంతు లోపల వాపు పెరిగి శ్వాసమార్గం మూసుకుపోవచ్చు. పొగ నిండిన చోట నేలకు దగ్గరగా వంగి ప్రాకుతూ బయటపడాలి. మన కార్యాలయాలలోనూ, కళ్యాణమండపాలలోనూ అత్యవసర ద్వారానికి తాళం వేసి, దాని ముందు విరిగిన కుర్చీలు పేర్చినప్పుడల్లా ఈ 492 మందిని తలచుకోవడం మంచిది.

మంట ఆరినా వేడి ఆరదు

పొయ్యి మీద నుండి దించిన గిన్నెలో అన్నం ఇంకా కొంతసేపు ఉడుకుతూనే ఉంటుందని ఇల్లాండ్రకు చెప్పనవసరం లేదు. చర్మం విషయంలోనూ అంతే. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నీరు ఐదు సెకండ్లు తగిలితే చర్మం పూర్తి మందాన నశించగలదని 1947 నాటి ప్రయోగాలే తేల్చాయి. అప్పుడే దించిన టీ అంతకంటె వేడిగా ఉంటుంది. 1953లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జాక్సన్ అనే సర్జన్ కాలిన గాయంలో మూడు మండలాలున్నాయని వివరించాడు. నడుమ ఉన్నది చచ్చిపోయిన భాగం. వెలుపలి అంచు తనంత తానే కోలుకునేది. ఈ రెండింటి మధ్య ఉన్నది ఊగిసలాడే భాగం. మనం చేసే పనిని బట్టి అది బ్రతకనూవచ్చు, చావనూవచ్చు.

ఈ ఊగిసలాడే భాగానికి ఔషధం కుళాయి నీరు. ఇరవై నిమిషాల పాటు పారే చల్లని నీటి క్రింద గాయాన్ని ఉంచాలి. వెంటనే చేస్తే అత్యుత్తమం. ప్రమాదం జరిగిన మూడు గంటలలోపు చేసినా ప్రయోజనం ఉంటుంది. ఉంగరాలు, గాజులు, గడియారం వాపు రాకముందే తీసివేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను పీకరాదు. మంచుముక్కలు పెట్టరాదు. అవి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి గాయాన్ని లోతు చేస్తాయి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, పెరుగు, కోడిగుడ్డు సొన, ఆయింట్‌మెంట్లు ఏవీ పూయరాదు. ఇవి వేడిని లోపలే బంధిస్తాయి, గాయం లోతు డాక్టరుకు కనిపించకుండా చేస్తాయి. తర్వాత శుభ్రమైన పొడిబట్ట కప్పాలి. పెద్ద గాయమైతే, ముఖ్యంగా పిల్లలకు, వృద్ధులకు, శరీరం మొత్తం చల్లబడిపోయే ప్రమాదం ఉంది. కనుక కాలినచోట మాత్రమే నీరు పోసి, మిగిలిన దేహాన్ని దుప్పటితో వెచ్చగా ఉంచాలి.

గడియారం మొదలయ్యేది ఎప్పుడు?

1921లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో రియాల్టో థియేటర్ కాలిపోయినప్పుడు, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అండర్‌హిల్ అనే శాస్త్రవేత్త బాధితుల బొబ్బలలోని ద్రవాన్ని పరీక్షించి, అది రక్తంలోని ప్లాస్మా వంటిదేనని కనుగొన్నాడు. కాలినవారు తొలి రెండు రోజులలో మరణించడానికి ముఖ్య కారణం రక్తనాళాల నుండి ద్రవం కారిపోవడమేనని అప్పుడు బోధపడింది. పంపు ఎంత మంచిదైనా లైనులో నీరు లేకపోతే ఏమి చేయగలదు? గుండె పరిస్థితీ అదే.

డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో బాక్స్‌టర్ 1968లో ఇచ్చిన సూత్రం నేటికీ ప్రసిద్ధం. శరీర బరువును కాలిన శాతంతో గుణించి, దాన్ని మళ్ళీ 4తో గుణిస్తే వచ్చినన్ని మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ 24 గంటలలో ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటలలోనే. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే 9,600 మిల్లీలీటర్లు. అంటే తొలి 8 గంటలలో 4.8 లీటర్లు. నేడు చాలాచోట్ల 2తో గుణించి ఆరంభించి, గంటగంటకూ మూత్ర పరిమాణాన్ని చూసి సవరిస్తున్నారు. ఎక్కువైనా ముప్పే కనుక.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది ఒకటుంది. ఈ 8 గంటలు ఆసుపత్రిలో చేరినప్పటి నుండి కాదు, కాలిన క్షణం నుండి లెక్క. ఒక ఆసుపత్రి నుండి మరొకదానికి తిప్పుతూ నాలుగు గంటలు గడిపితే, ఆ లోటును తక్కిన నాలుగు గంటలలో పూడ్చవలసి వస్తుంది. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని ఉండవచ్చు. అందుకే ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలో ముందే తెలిసి ఉండాలి. దూరప్రయాణమైతే దగ్గరి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించిన తర్వాతే బయలుదేరాలి. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 సేవను పిలిచేటప్పుడు కాలిన సమయాన్ని ఒక కాగితం మీద వ్రాసి వెంట పంపండి. ఆ ఒక్క అంకె డాక్టరుకు ఎంతో విలువైనది.

ఆ తర్వాతి యుద్ధం

మొదటి రెండు రోజులు గడిచాక శత్రువు మారుతుంది. చర్మమనే ప్రాకారం కూలినచోట సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. పూర్వం చచ్చిన చర్మం తనంత తానే ఊడేవరకు వారాల తరబడి వేచి ఉండేవారు. నాటి యుగొస్లావియాలోని మారిబోర్‌లో పనిచేసిన డాక్టర్ జోరా యాన్జెకోవిచ్ అనే వైద్యురాలు, తొలి రోజులలోనే చచ్చిన పొరను పలుచగా చెక్కివేసి వెంటనే కొత్త చర్మం అతికించే పద్ధతిని 1970లో లోకానికి తెలియజేసింది. నేటి మెరుగైన ఫలితాలకు ఇదొక ముఖ్య కారణం.

రోగికే తన చర్మం చాలనప్పుడు దానం చేసిన చర్మం తాత్కాలిక కవచమవుతుంది. మరణించిన ఆరు గంటలలోపు తొడల నుండి, వీపు నుండి పలుచని పొర మాత్రమే తీస్తారు. బ్లడ్ గ్రూపు కలవనవసరం లేదు. హైదరాబాదులోని ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంకు ఏర్పడింది. నేత్రదానం వలె ఇది కూడా మన కుటుంబాలలో మాట్లాడుకోవలసిన విషయం.

ఇక తిండి. తీవ్రంగా కాలిన దేహం మామూలుకంటె దాదాపు రెట్టింపు శక్తిని ఖర్చు చేయగలదు. మన ఇళ్ళలో "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి" అంటూ రోగికి చారునీళ్ళతో పథ్యం పెడతారు. ఇది ప్రేమతో చేసే అపకారం. వైద్యుడు వద్దననంతవరకు గుడ్లు, పాలు, పప్పు, మాంసం ధారాళంగా పెట్టాలి. చక్కెరవ్యాధి వంటి పాత జబ్బులుంటే దాచకుండా చెప్పాలి. అవి కూడా ఫలితాన్ని మారుస్తాయి.

రెండు ప్రత్యేక హెచ్చరికలు

విద్యుత్ ప్రమాదాలకు పై శాతాల లెక్క వర్తించదు. చర్మంపై రూపాయి బిళ్ళంత మచ్చ కనిపించినా, లోపల కండరం పొడవునా ఉడికిపోయి ఉండవచ్చు, గుండె లయ తప్పవచ్చు. ముందు విద్యుత్ సరఫరా ఆపాలి, ఆ తర్వాతే మనిషిని తాకాలి. గాయం చిన్నదైనా ఆసుపత్రిలో చూపించవలసిందే. రసాయనాల విషయంలో ధారగా నీరు ఇంకా ఎక్కువసేపు పోయాలి. పొడిసున్నం వంటివైతే ముందు దులిపి ఆ తర్వాత కడగాలి.

మన చేతిలో ఉన్నది

వయస్సు మన చేతిలో లేదు. ఆపరేషన్ థియేటర్ మన చేతిలో లేదు. కాని ఎంత శాతం కాలింది, ఎంత పొగ పోయింది, ఎంత లోతుకు దిగింది, ఎన్ని గంటలు వృథా అయింది అనే నాలుగు అంకెలు ఆసుపత్రి గుమ్మం చేరకముందే వ్రాయబడతాయి. వాటిని వ్రాసేది ప్రమాద సమయంలో పక్కనున్న సహోద్యోగి, తల్లి, భర్త, పొరుగువారు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు కాకుండా, ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ పనిస్థలానికి అతి దగ్గరలోని కుళాయి ఎక్కడుందో చూడండి. దాన్ని ఒకసారి తిప్పి, నీరు వస్తోందో లేదో పరీక్షించండి. ఇంట్లో గ్యాసు లీకైతే పిలవవలసిన 1906 నంబరును వంటింటి తలుపు మీద వ్రాసి పెట్టండి. మీ పిల్లలకు "ఇరవై నిమిషాలు నీళ్ళు" అన్న మాటను కంఠస్థం చేయించండి.

1994 నాటి ఆ కుళాయి ఆరోజున కూడా చక్కగా పనిచేస్తూనే ఉంది. సాయంత్రం నేల కడగడానికి దాన్నే తిప్పారు. ఆ నీటి చప్పుడు విన్నవారిలో నేనూ ఒకణ్ణి.

వచ్చే సంచికలో గృహాలలో విద్యుత్ భద్రతను గురించి తెలుసుకుందాం. అంతవరకు సెలవు.